ఇంజిన్ మార్చాక ఆయిల్ ప్రెషర్ పడిపోతోందా? మళ్లీ దించే ముందు ఇవి చూడండి

మా జీపులో పాత ప్యూజో ఇంజిన్ తీసేసి బొలెరో డీఐ ఇంజిన్ ఎక్కించిన మూడో రోజు అది. గుంటూరు నుంచి విజయవాడ బయల్దేరాను. కాజా టోల్‌గేట్ దగ్గర లైన్లో ఆగి చూస్తే ఆయిల్ మీటర్ ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. రేస్ ఇస్తే కొంచెం లేస్తోంది, వదిలితే మళ్లీ పడిపోతోంది. వెంటనే ఇంజిన్ ఆపి, నలుగురితో పక్కకు తోయించి, వేరే బండికి కట్టి విజయవాడ ఆటోనగర్‌కి లాగించాను. అక్కడ ముగ్గురిని అడిగాను. ముగ్గురూ ఒకటే మాట చెప్పారు: "బేరింగులు పోయాయండీ, దించాల్సిందే."

వాళ్లలో ఒక్కరు కూడా ప్రెషర్ ఎంతుందో కొలవలేదు.

చివరికి చూస్తే బేరింగులు బాగానే ఉన్నాయి. ఆ రోజు వాళ్ల మాట విని దించి ఉంటే, బాగున్న బేరింగులు మార్చి, అసలు లోపాన్ని అలాగే ఉంచి మళ్లీ ఎక్కించేవాళ్లం. డబ్బు, పది రోజుల పని రెండూ పోయేవి. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇది రాస్తున్నాను. ఇందులో పని తక్కువ నుంచి ఎక్కువకు వెళ్తుంది. ఈ వరస మార్చకండి.

ముందు ఇంజిన్ ఆపండి

ఎర్ర లైటు వెలిగినా, ముల్లు పడిపోయినా "ఆ కనిపించే బంకు దాకా వెళ్దాం" అనుకోవద్దు. క్రాంకుకీ (పిస్టన్లు తిప్పే ఇరుసు), అది తిరిగే బేరింగుకీ మధ్య ఉండేది పలచని ఆయిల్ పొర. ఆ పొర పోయిందంటే లోహం లోహాన్ని రాసుకోవడం మొదలవుతుంది. బేరింగు క్రాంకును పట్టేయడానికి ఎక్కువ సమయం పట్టదు. గేరులో వేసి తోసి స్టార్ట్ చేయడం కూడా వద్దు. బండిని లాగించుకు వెళ్లండి. ఇక్కడ నేను ఏ మినహాయింపూ ఇవ్వను.

ఇంకో సంగతి. లైటు వెలగలేదు కాబట్టి ప్రెషర్ సరిగ్గా ఉందని కూడా అనుకోకండి. చాలా బండ్లలో ప్రెషర్ 0.3 నుంచి 0.5 కేజీ మధ్యకి పడిపోతేనే ఆ స్విచ్ లైటు వెలిగిస్తుంది. అంటే హైవే మీద 1 కేజీ ప్రెషర్‌తో ఇంజిన్ అరిగిపోతున్నా లైటు మాత్రం ఆరే ఉంటుంది.

కొలవండి

మీకు కావాల్సింది ఒక మెకానికల్ ప్రెషర్ గేజ్. 0 నుంచి 7 కేజీల దాకా చూపించేది చాలు. పీఎస్ఐలో అయితే 0 నుంచి 100. మన దగ్గర అందరూ కేజీ అనే లెక్క అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ, దాదాపు 14 పీఎస్ఐ. గేజ్, దానికి తగిన హోసు, అడాప్టరు కలిపినా ఒకసారి ఆయిల్, ఫిల్టరు మార్పించే ఖర్చు కంటే తక్కువే అవుతుంది. హైడ్రాలిక్ హోసులు చేసే షాపులో కొలత ఇచ్చి చేయించండి. ప్లాస్టిక్ ట్యూబు క్లిప్పుతో బిగించే ప్రయత్నం చేయకండి. వేడి ఆయిల్ ఒత్తిడితో చిమ్మితే ఒళ్లు కాలుతుంది.

బ్లాకు మీద ఆయిల్ స్విచ్ ఉన్న చోట దాన్ని విప్పి అడాప్టరు ఎక్కించాలి. ఇక్కడ థ్రెడ్ చూసుకోండి. అంగుళానికి 28 చుట్లున్న బీఎస్‌పీ, 27 చుట్లున్న ఎన్‌పీటీ అనే రెండు రకాల థ్రెడ్లూ కంటికి ఒకేలా ఉంటాయి. ఒకదానిలోకి ఇంకొకటి రెండు మూడు చుట్లు సులువుగానే వెళ్లి, తర్వాత బిగుస్తుంది. "కొంచెం గట్టిగా తిప్పితే వెళ్తుంది" అని పానా వేస్తే బ్లాకులో థ్రెడ్ పోతుంది. మన బండ్లలో మిల్లీమీటర్ థ్రెడ్ కూడా కనిపిస్తుంది. చేత్తో మూడు నాలుగు చుట్లు హాయిగా తిరగకపోతే అది సరైన అడాప్టరు కాదు. పాత స్విచ్‌ని తీసుకెళ్లి పక్కన పెట్టి సరిపోల్చి కొనండి.

హోసు ఫ్యాను బెల్టుకీ సైలెన్సర్ మానిఫోల్డుకీ తగలకుండా కట్టండి. ఇప్పుడు స్టార్ట్ చేయండి. ఐదారు సెకన్లలో ముల్లు లేవకపోతే ఆపేయండి. లేస్తే నాలుగు అంకెలు రాసుకోవాలి: చల్లగా ఉన్నప్పుడు ఐడ్లింగులో ఎంత, చల్లగా 2000 ఆర్‌పీఎం దగ్గర ఎంత, పూర్తిగా వేడెక్కాక ఐడ్లింగులో ఎంత, వేడిలో 2000 దగ్గర ఎంత. పాత డీజిల్ బండ్లలో ఆర్‌పీఎం మీటర్ ఉండదు కాబట్టి క్రాంకు పుల్లీకి మెరిసే స్టిక్కర్ అతికించి, చేతిలో పట్టుకునే డిజిటల్ టాకోమీటరుతో చూడండి. ఐడ్లింగు ఎంతుందో తెలియకుండా ఐడ్లింగు ప్రెషర్ గురించి మాట్లాడటంలో అర్థం లేదు. ఇంజిన్ మార్చినప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ సరిగ్గా కూర్చోక ఐడ్లింగు 600 ఆర్‌పీఎంకి పడిపోవడం చాలా మామూలు. దాన్ని 800కి తెస్తే కొందరి సమస్య అక్కడితో తీరిపోతుంది.

పూర్తిగా వేడెక్కడం అంటే టెంపరేచర్ ముల్లు మధ్యకు రావడం కాదు. నీళ్లు ముందు వేడెక్కుతాయి, ఆయిల్ తర్వాత వేడెక్కుతుంది. ప్రెషర్ కనీసం ప్రమాదం లేనంత ఉందని గేజ్ చెబితేనే, నీళ్లు వేడెక్కిన తర్వాత మరో పదిహేను ఇరవై నిమిషాలు నడపండి. రోహిణి కార్తెలో ఎండ 45 డిగ్రీలు తాకే మధ్యాహ్నం తీసుకున్న అంకెకూ, డిసెంబరు ఉదయం తీసుకున్న అంకెకూ తేడా ఉంటుంది. అందుకే ఆ రోజు ఎండ ఎలా ఉందో కూడా పక్కన రాసుకోండి.

ఎంత ఉండాలి అంటే, మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్న అంకెదే చివరి మాట. అది దొరికేలోపు మేస్త్రీలు వాడే లెక్క ఒకటుంది: ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ప్రతి 1000 ఆర్‌పీఎంకు కనీసం 10 పీఎస్ఐ, అంటే సుమారు 0.7 కేజీ. వేడి ఐడ్లింగులో 1 కేజీ చుట్టూ, 2000 దగ్గర 2.5 నుంచి 3 కేజీలు కనిపిస్తే నేనైతే దేన్నీ విప్పను.

మీటర్ అబద్ధం చెబుతోందేమో

గేజ్ మీద ప్రెషర్ బాగుండి డాష్‌బోర్డు మీటరు మాత్రమే సున్నా చూపిస్తోందంటే సంతోషించండి. పని వైరింగుకే పరిమితం. ఇంజిన్ మార్చిన బండ్లలో ఇది ఎందుకు ఇంత తరచుగా వస్తుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్కటి తెలియక బాగున్న ఇంజిన్లు విప్పించుకున్నవాళ్లున్నారు.

పాత జీపు డాష్‌బోర్డులో ముల్లు మీటరు ఉంటుంది. దానికి బ్లాకు మీద సెండర్ కావాలి. ప్రెషర్ మారేకొద్దీ అందులో రెసిస్టెన్స్ మారుతుంది. కొత్తగా వచ్చిన ఇంజిన్ మీద ఉన్నది లైటు స్విచ్ కావచ్చు. స్విచ్‌కి తెలిసింది ఆన్, ఆఫ్ మాత్రమే. మీటర్ వైరు తెచ్చి దానికి తగిలిస్తే ముల్లు ఎప్పుడూ ఏదో ఒక చివరనే ఉంటుంది. రెండూ కావాలంటే టీ జాయింటు వేసి స్విచ్, సెండర్ రెండూ పెట్టండి.

సెండర్ ఉన్నా అది ఆ మీటరుకి జత కావాలి. ఒక రకం సెండర్లు సున్నా ప్రెషర్ దగ్గర 10 ఓమ్‌లు, నిండు ప్రెషర్ దగ్గర 180 ఓమ్‌లు చూపిస్తాయి. ఇంకో రకం సున్నా దగ్గర 240, నిండుగా 33. అంటే లెక్క తిరగబడి ఉంటుంది. మల్టీమీటరుతో ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సెండర్‌కీ బ్లాకుకీ మధ్య ఓమ్‌లు కొలిస్తే ఏ రకమో తెలిసిపోతుంది.

మూడోది ఎర్త్. ఒకే వైరున్న సెండర్‌కి ఎర్త్ దాని థ్రెడ్ ద్వారానే అందుతుంది. ఆయిల్ కారకూడదని థ్రెడ్ చుట్టూ తెల్ల టేపు మందంగా చుడితే ఆ ఎర్త్ తెగిపోతుంది. అలాగే ఇంజిన్ ఎక్కించేటప్పుడు ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి ఉండే ఎర్త్ పట్టీని బిగించడం మర్చిపోతారు. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి పట్టీ లేకపోతే కరెంటు గేరు కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ వెంట దారి వెతుక్కుంటుంది. మా జీపులో రెండు తప్పులూ ఉన్నాయి. ఎర్త్ సరిగ్గా లేనప్పుడు సెండర్ రకాన్ని బట్టి మీటరు తక్కువైనా చూపిస్తుంది, ఎక్కువైనా చూపిస్తుంది. ఎక్కువ చూపించేదే ప్రమాదం. లోపల ప్రెషర్ లేకపోయినా మీటరు చూసుకుని ధైర్యంగా నడిపేస్తాం.

పట్టీ బిగించి, టేపు తీసి రాగి వాషర్ వేశాక మా మీటరు గేజ్‌తో దాదాపు సమానంగా వచ్చింది. కానీ గేజ్ అంకెలే బాగోలేవు: చల్లగా ఐడ్లింగులో 3.5, వేడెక్కాక ఐడ్లింగులో 0.6, వేడిలో 2000 దగ్గర 1.8. పైగా ముల్లు నిలకడగా లేదు, వణుకుతోంది.

అంకెలు ఏం చెబుతున్నాయి

ఆయిల్ పంపు ప్రెషర్‌ని తయారు చేయదు. అది ఆయిల్‌ని తోస్తుంది, అంతే. తోసిన ఆయిల్‌కి బేరింగుల సందుల్లో అడ్డు తగిలినప్పుడు పుట్టేదే ప్రెషర్. అందుకే లోపం రెండే చోట్ల ఉండగలదు: ఆయిల్ సరిగ్గా రావట్లేదు, లేదా వచ్చింది వచ్చినట్టే ఎక్కడో జారిపోతోంది.

మొదటి స్టార్ట్ నుంచే సున్నా అయితే పంపు ఆయిల్ పట్టుకోలేదు, లేదా గ్యాలరీ (బ్లాకు లోపల ఆయిల్ పారే దారి) ప్లగ్గు ఒకటి పెట్టడం మర్చిపోయారు. చల్లగా బాగుండి, వేడెక్కాక ఐడ్లింగులో పడిపోయి, రేస్ ఇస్తే నిలకడగా లేస్తుంటే ఆయిల్ పలచబడింది, లేదా బేరింగు సందులు పెరిగాయి. ఐడ్లింగులో బాగుండి రేస్ ఇచ్చినా పైకి పోకపోతే రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసే వాల్వ్) ముందుగానే తెరుచుకుంటోంది, లేదా స్ట్రైనర్ (పంపు ఆయిల్ పీల్చే చోట ఉండే జాలీ) మూసుకుపోయింది. బ్రేకు వేసినప్పుడో మలుపులోనో ముల్లు పడితే ఆయిల్ తక్కువుంది, లేదా స్ట్రైనర్ గాల్లో తేలుతోంది. ముల్లు వణుకుతుంటే ఆయిల్‌తో పాటు గాలి వస్తోంది.

ఆ చివరి వాక్యం ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఒక పెద్దాయన నాకు చెప్పారు. గేజ్ వంక ఒక్క నిమిషం చూసి, "బేరింగు అరిగితే ముల్లు పడుతుంది గానీ ఇలా వణకదు బాబూ, ఇది గాలి పీలుస్తోంది" అన్నారు.

ఆయిల్ సంగతి

డిప్‌స్టిక్ ఆ ఇంజిన్‌దేనా? ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఒక బండిది, ట్యూబు ఒక బండిది, కడ్డీ ఇంకో బండిది అయితే "ఫుల్" గీతకు అర్థమే లేదు. ఆయిల్ మొత్తం దింపి, మాన్యువల్‌లో చెప్పినన్ని లీటర్లు కొలిచి పోసి, ఫిల్టరు నిండేలా ఒకసారి తిప్పి ఆపి, పది నిమిషాలు ఆగి కడ్డీ చూడండి. ఆయిల్ ఎక్కడికి వస్తే అదే మీ కొత్త ఫుల్ గీత. ఆకురాయితో సన్నగా గుర్తు పెట్టుకోండి.

దింపిన ఆయిల్‌ని వాసన చూడండి. డీజిల్ వాసన వస్తుంటే, లేదా రోజురోజుకీ కడ్డీ మీద మట్టం పెరుగుతుంటే, డీజిల్ పంపు సీలు నుంచో, మూయని ఇంజెక్టర్ నుంచో ఛాంబర్‌లోకి డీజిల్ దిగుతోంది. ఒక చుక్క న్యూస్‌పేపర్ మీద వేసి గంట తర్వాత చూస్తే నల్లటి చుక్క చుట్టూ పలచని వలయం దూరంగా పాకి కనిపిస్తుంది. ముందు ఆ లీకు ఆపి, ఆయిల్ మార్చి, తర్వాత ప్రెషర్ చూడండి. పాలు కలిసిన కాఫీ రంగు ఉంటే నీళ్లు కలుస్తున్నాయి, అది హెడ్ ప్యాకింగ్ వైపు పోయే వేరే కథ.

ప్రెషర్ తక్కువుందని చిక్కటి ఆయిల్ పోయమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ముల్లు లేస్తుంది, నిజమే. కానీ లోపం అలాగే ఉంటుంది, అరుగుదల సాగుతూనే ఉంటుంది, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైన వాల్వులు తెరిచే రాకర్లకి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడు 15డబ్ల్యూ-40 అయితే దాంతోనే కొలవండి. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొనేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి: అమ్మేవాళ్లు నడిపి చూపించే ఇంజిన్‌లో ఏ ఆయిల్ ఉందో మనకు తెలియదు. ఇంజిన్ వేడెక్కే దాకా అక్కడే నిలబడి, గేజ్ పెట్టి చూసి కొనండి. ఆ ఇంజిన్ నంబరు, దాని కాగితాలు కూడా అప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఈ మార్పుని ఆర్సీలో ఎక్కించుకోవాల్సింది మనమే.

ఫిల్టరు, రిలీఫ్ వాల్వ్

ఫిల్టరు ఆ ఇంజిన్‌కి చెప్పినదేనా అని చూడండి. థ్రెడ్ కలిసింది కదా అని ఏదో ఒకటి బిగిస్తే లోపలి బైపాస్ వాల్వ్ వేరుగా ఉండొచ్చు. తీసిన ఫిల్టరుని పారేయకండి. రేకు కత్తెరతో డబ్బా కోసి కాగితం మడతలు విప్పి చూడండి. హాక్సా బ్లేడు వాడితే దాని పొడే లోపల పడి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. అయస్కాంతానికి అంటుకునే పొడి ఇనుము. అంటుకోకుండా మెరిసే వెండి రంగు రేకులు, రాగి రంగు రవ్వలు కనిపిస్తే బేరింగు పొర లేస్తోందని అర్థం.

రిలీఫ్ వాల్వ్ కొన్ని ఇంజిన్లలో పంపులోనే ఉంటుంది, కొన్నింటిలో బ్లాకు మీద బయటి నుంచి విప్పేలా ఉంటుంది. బయట ఉంటే విప్పడం పది నిమిషాల పని. లోపలి ప్లంజరు తన బరువుకే జారిపోవాలి. గీతలు పడి ఇరుక్కుంటే, కింద చిన్న చెత్త ముక్క చిక్కుకుంటే ప్రెషర్ అంతా అక్కడే ఛాంబర్‌లోకి తిరిగిపోతుంది. స్ప్రింగు విరిగినా అంతే. స్ప్రింగుని సాగదీయడం, కింద వాషర్లు వేసి బిగువు పెంచడం చేయొద్దు. రిలీఫ్ వాల్వ్ పై హద్దును నిర్ణయిస్తుంది. అది సరిగ్గా మూసుకుంటున్నప్పుడు స్ప్రింగు ఎంత బిగించినా ఐడ్లింగు ప్రెషర్ పెరగదు.

ఛాంబర్ విప్పండి: ఇంజిన్ మార్పిడి తప్పులు ఇక్కడే ఎక్కువ

ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో వేరే ఇంజిన్ పెట్టేటప్పుడు ఛాంబర్ ముందు ఇరుసుకి తగులుతుంది. అప్పుడు ఛాంబర్‌ని కోసి వెల్డింగ్ చేస్తారు, లేదా వేరే ఛాంబర్ బిగిస్తారు. ఛాంబర్ మారిందంటే లోపల ఆయిల్ పీల్చే పైపు కూడా మారాలి. ఈ రెండో పని తొందరలో జరుగుతుంది.

మొదట స్ట్రైనర్ జాలీ చూడండి. ప్యాకింగ్‌కి సిలికాన్ పేస్ట్ దండిగా పూస్తే బయటికి వచ్చినంతే లోపలికీ వస్తుంది. ఆ లోపలి తీగలు తెగి ఆయిల్‌లో తేలి జాలీకి అతుక్కుంటాయి. గోరుతో గీకి తీసేయండి. మళ్లీ వేసేటప్పుడు సన్నటి వత్తిలా ఒక్క గీత చాలు.

తర్వాత స్ట్రైనర్‌కీ ఛాంబర్ అడుగుకీ మధ్య దూరం. దీనికి వంటింట్లో చపాతీ పిండి చాలు. గట్టిగా కలిపిన ముద్దని స్ట్రైనర్ కింద అంటించి, పైన పలచని ప్లాస్టిక్ కవరు ముక్క వేసి, ప్యాకింగ్‌తో సహా ఛాంబర్ ఎక్కించి నాలుగు మూలల బోల్టులు బిగించండి. విప్పి, నలిగిన పిండి మందం కొలవండి. చాలా ఇంజిన్లకి 6 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండాలి. 2, 3 మాత్రమే ఉంటే రేస్ ఇచ్చినప్పుడు ఆయిల్ సరిపడా లోపలికి రాదు. 20 ఉంటే బ్రేకు వేసినప్పుడు ఆయిల్ ముందుకు పోయి స్ట్రైనర్ గాలి పీలుస్తుంది. పిండి పూర్తిగా తుడిచి, డీజిల్‌తో కడిగాకే ముందుకు వెళ్లండి.

మూడోది పైపు జాయింట్లు. పంపుకీ పీల్చే పైపుకీ మధ్య ప్యాకింగ్ లేదా ఓ-రింగ్ ఉంటుంది. పాతదే మళ్లీ పెట్టకండి. పైపుని కోసి అతికించి ఉంటే ఆ అతుకుని నమ్మకండి. ఒక చివర బొటనవేలితో గట్టిగా మూసి, రెండో చివర నుంచి చిన్నగా గాలి పెట్టి, పైపుని డీజిల్ తొట్టిలో ముంచండి. మా పైపులో బ్రేజింగ్ చేసిన చోట వెంట్రుకంత పగులు నుంచి సన్నటి బుడగలు వరసగా వచ్చాయి. ఆ పగులు ఆయిల్ మట్టానికి పైన ఉంది. ఆయిల్ బయటికి కారదు కాబట్టి కంటికి ఏమీ కనబడదు. పంపు పీల్చినప్పుడు మాత్రం గాలి లోపలికి వస్తుంది, ఆయిల్ నురగ కడుతుంది, నురగకి ప్రెషర్ నిలవదు. చల్లగా చిక్కగా ఉన్న ఆయిల్ ఆ పగులుని కొంతవరకు కప్పి ఉంచడం వల్ల పొద్దున అంకె బాగుండేది.

అతుకు మీద మళ్లీ అతుకు వేయించలేదు. కొత్త పైపు వంచి చేయించి, మధ్యలో ఆధారంగా ఒక క్లాంపు పెట్టించాను. పొడవాటి పైపుకి క్లాంపు లేకపోతే ఇంజిన్ అదురుకి జాయింటు దగ్గర మళ్లీ పగులుతుంది.

పంపు

ఛాంబర్ విప్పారు కాబట్టి పంపు మూత కూడా తీసి చూడండి. మూత లోపలి వైపు పళ్లు రాసుకుని లోతు గీతలు పడితే అది అరిగింది. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, గేర్లకీ స్కేలుకీ మధ్య ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలచని ఆకుల కట్ట) పెట్టండి. 0.10 మిల్లీమీటర్ ఆకు సులువుగా దూరిపోతుంటే అనుమానించి మాన్యువల్ అంకెతో పోల్చండి.

బిగించే ముందు పంపు గేర్ల మధ్య వాజలీన్ నింపండి. గ్రీజు వద్దు, అది కరగక దారులు మూసేస్తుంది. ఎండిపోయిన పంపు గాలినే తిప్పుతూ ఆయిల్‌ని పట్టుకోదు. వాజలీన్ ఆ మొదటి పట్టు ఇచ్చి, వేడికి కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది. నెలల తరబడి షాపులో పడి ఉన్న ఇంజిన్‌కి ఇది తప్పనిసరి.

ఆయిల్ ఎక్కడ జారిపోతోంది?

పీల్చే వైపు అంతా బాగుండి కూడా ప్రెషర్ లేదంటే, ఛాంబర్ విప్పి ఉన్నప్పుడే ఒక పరీక్ష చేయండి. పెయింటింగ్ షెడ్లలో వాడే ఇనప ప్రెషర్ ట్యాంకు ఒకటి అడిగి తెచ్చి, శుభ్రంగా కడిగి, అందులో రెండు లీటర్ల కొత్త ఆయిల్ పోయండి. రెగ్యులేటర్‌ని 2 కేజీలకు పెట్టి, ఆయిల్ స్విచ్ రంధ్రం నుంచి గ్యాలరీలోకి పంపండి. ప్లాస్టిక్ క్యానుతో ఈ పని చేయకండి, అది పగులుతుంది. కింద ట్రే పెట్టి, టార్చి లైటుతో చూస్తూ క్రాంకుని పానాతో మెల్లగా ఒక చుట్టు తిప్పించండి. ప్రతి బేరింగు నుంచి చుక్కలు రావాలి. ఒక చోట నుంచి ధారగా వస్తుంటే జారిపోతున్న చోటు అదే.

ధార టైమింగ్ మూత వైపు నుంచో ఫ్లైవీల్ వైపు నుంచో వస్తుంటే గ్యాలరీ ప్లగ్గుని అనుమానించండి. బ్లాకు కడిగించేటప్పుడు ఈ ప్లగ్గులు తీస్తారు. తీసినన్ని తిరిగి పెట్టారా అని ఎవరూ లెక్క చూడరు. టైమింగ్ మూత వెనక ప్లగ్గు లేకపోతే ఆయిల్ లోపలే ఛాంబర్‌లోకి పడిపోతుంది, బయట ఒక్క మరక ఉండదు. పిస్టన్ల కింద ఆయిల్ జెట్లున్న ఇంజిన్లలో ఒక జెట్ ఊడినా ఇదే లక్షణం. కామ్ బుష్షు కొత్తది కొట్టినప్పుడు దాని రంధ్రం బ్లాకు రంధ్రానికి ఎదురుగా రాకపోతే గ్యాలరీ ప్రెషర్ బాగానే కనిపిస్తూ పైన రాకర్లు ఎండిపోతాయి. ఇది గేజ్‌లో దొరకదు, ట్యాపెట్ మూత తీసి చూస్తేనే తెలుస్తుంది.

బేరింగులు, చివరిగా

ధార బేరింగు నుంచే వస్తుంటే, ఇంజిన్ బండిలో ఉండగానే ఒక బిగ్ ఎండ్ క్యాపు (కనెక్టింగ్ రాడ్డుని క్రాంకుకి బిగించేది), ఒక మెయిన్ క్యాపు (క్రాంకుని బ్లాకుకి బిగించేది) విప్పండి. క్యాపు మీద నంబరు, అది ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. క్యాపులు తారుమారైతే, తిరగబడితే క్రాంకు పాడైపోతుంది. బేరింగు బూడిద రంగులో నునుపుగా ఉంటే బాగున్నట్టు. మధ్యలో రాగి రంగు బయటపడితే దాని పని అయిపోయింది.

వెనక వైపు ముద్రించిన సైజు చూడండి. క్రాంకుని గ్రైండ్ చేయించి ఉంటే 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్ల అండర్ సైజు బేరింగులు ఉండాలి. మన దగ్గర పది, ఇరవై, ముప్పై సైజు అంటారు. పది సైజుకి అరగదీసిన క్రాంకు మీద స్టాండర్డ్ బేరింగు వేస్తే సందు ఎంతుంటుందో ఊహించండి. సందు కొలవడానికి ప్లాస్టిగేజ్ అనే సన్నటి తీగ దొరుకుతుంది. దాన్ని క్రాంకు మీద పెట్టి, టార్క్ రెంచితో సరైన బిగువుకి క్యాపు బిగించి, క్రాంకు తిప్పకుండా విప్పి, నలిగిన వెడల్పుని కాగితం మీది స్కేలుతో చూస్తారు. క్రాంకు జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) వ్యాసంలో ప్రతి 25 మిల్లీమీటర్లకు 0.025 సందు అనేది మామూలు లెక్క. 60 మిల్లీమీటర్ల జర్నల్‌కి 0.06 దగ్గర. దానికి రెట్టింపు కనిపిస్తే ఇంజిన్ దించే మాట అప్పుడు ఒప్పుకోండి.

సందు తగ్గించడానికి క్యాపుని ఆకురాయితో అరగదీయడం, బేరింగు వెనక కాగితమో రేకో పెట్టడం చేస్తామంటే ఒప్పుకోకండి. క్యాపు అరగదీస్తే రంధ్రం గుండ్రంగా ఉండదు. బేరింగు వెనక కాగితం పెడితే వేడి బయటికి పోదు. రెండింటికీ ఆయుష్షు కొన్ని వారాలే.

మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు

కొత్త ఫిల్టరు నిలువుగా ఉండే రకమైతే ముందే ఆయిల్‌తో నింపి బిగించండి. గేజ్ ఇంకా తీయకండి. డీజిల్ స్టాప్ సోలెనాయిడ్ వైరు పీకి, లేదా స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని, స్టార్టర్‌ని పదిహేను సెకన్లు తిప్పి ఒక నిమిషం ఆగండి. అలా మూడు నాలుగుసార్లు తిప్పేసరికి గేజ్ ముల్లు కదలాలి. కదిలాకే వైరు పెట్టి స్టార్ట్ చేయండి. కదలకపోతే స్టార్ట్ చేసే ఆలోచనే వద్దు, పంపు దగ్గరికి వెనక్కి వెళ్లండి.

మళ్లీ అవే నాలుగు అంకెలు తీసుకోండి. లోపల చేయి పెట్టిన ఇంజిన్‌కి 500 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టరు మార్చి, ఆ ఫిల్టరుని కూడా కోసి చూడండి. అంకెల్ని బానెట్ లోపలి వైపు పెయింటు పెన్నుతో రాసి పెట్టండి, ఆరు నెలల తర్వాత పోల్చుకోవడానికి అవే ఆధారం. మా జీపుకి అక్కడ ఇలా రాసి ఉంది: కొత్త పైపు, మే నెల, కాజా దాకా పోయి వచ్చాక, వేడి ఐడ్లింగు 1.4, రెండు వేలకి 3.4, ముల్లు నిలకడ.